పల్స్ సెన్సర్... ప్రాజెక్టుకు సరే, పరీక్షకు వద్దు!

సైన్స్ ఫెయిర్ అంటే పిల్లలు ఇప్పుడు అగ్నిపర్వతం నమూనాలతో ఆగడం లేదు. ఆర్డుయినో బోర్డు, రూపాయి బిళ్లంత పల్స్ సెన్సర్, నాలుగు వైర్లు తెచ్చుకుని గుండె వేగం చూపే యంత్రమే చేసేస్తున్నారు. మంచిదే, చేయనివ్వండి. రక్తప్రసరణ పాఠం ఇంతకంటే బాగా బుర్రకెక్కదు. నా అభ్యంతరమల్లా ప్రాజెక్టు అయ్యాక ఇంట్లో జరిగే తంతు మీదే. మనవడు తాతయ్య వేలు సెన్సర్ మీద పెట్టిస్తాడు. 76 అని వస్తుంది. ‘తాతయ్య గుండె బ్రహ్మాండం’ అని ఇంటిల్లిపాదీ తేల్చేస్తారు.

నిజానికి ఆ సెన్సర్ గుండెను చూడనే చూడదు. వేలి మీద ఆకుపచ్చ కాంతి వేసి, ఎంత తిరిగొచ్చిందో కొలుస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా వేలి కొసకు రక్తం కాస్త ఎక్కువగా చేరి ఆ కాంతిని పీల్చుకుంటుంది. ఆ హెచ్చుతగ్గులనే ప్రోగ్రాం లెక్కపెడుతుంది. వేలు గట్టిగా అదిమితే రక్తం అక్కడికి సరిగా రాదు. వదులుగా పెడితే గదిలో వెలుతురు చొరబడుతుంది. చేయి కదిలినా, వేళ్లు చల్లబడినా లెక్క తప్పుతుంది. ఒక్కో నాడి అల వెనకాలే చిన్న అల ఒకటి ఉంటుంది. ప్రోగ్రాం సరిగా రాయకపోతే దాన్నీ కలిపేసుకుని 70ని 140 చేసి చూపిస్తుంది. ఇక ఇంట్లో గాభరా చెప్పక్కర్లేదు.

గాభరా పడినవాళ్లు కనీసం ఆస్పత్రికి వస్తారు. నా భయం ‘నార్మల్’ చూసి ఇంట్లో ఉండిపోయేవాళ్ల గురించే. గుండెపోటు వచ్చిన మనిషికి కూడా నాడి 80 ఉండొచ్చు. రక్తనాళం పూడుకుపోయిందా అన్నది ఆ అంకె చెప్పలేదు. దానికి ఈసీజీ, రక్తపరీక్షలు కావాలి. ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం, చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే బోర్డు జోలికి పోకుండా 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి తెలియకపోవచ్చు కూడా.

అలాగే బీపీకో గుండెకో మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వాడేవారికి నాడి 60 కంటే తగ్గడం మామూలే. తెర మీద 56 చూసి మాత్ర మానేయకండి. కళ్లు తిరుగుతున్నా, నీరసంగా ఉన్నా డాక్టర్‌ని కలవండి.

ప్రాజెక్టు కంటే ముందు పిల్లలకు చేత్తో నాడి చూడటం నేర్పండి. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, మణికట్టు దగ్గర బొటనవేలి వైపు మీ చూపుడు, మధ్య వేళ్లు ఆనించండి. బొటనవేలితో చూస్తే దాని నాడే తగులుతుంది. నిమిషం పూర్తిగా లెక్కపెట్టాలి. విశ్రాంతిలో ఉన్న పెద్దవాళ్లలో 60 నుంచి 100 మధ్య ఉంటుంది. వేగంతో పాటు తాళం తప్పుతోందేమో కూడా గమనించండి. చాలా ప్రోగ్రాంలు చివరి పది స్పందనల సగటు చూపిస్తాయి కాబట్టి తాళం తప్పిన నాడి కూడా తెర మీద బుద్ధిగానే కనిపిస్తుంది. వేళ్ల కింద మాత్రం దొరికిపోతుంది. అలా తగిలితే ఈసీజీ తీయించండి.

చార్టు మీద చేత్తో లెక్కపెట్టిందీ, సెన్సర్ చూపిందీ పక్కపక్కనే రాయించండి. తేడా ఎందుకొచ్చిందో చెప్పగలిగిన పిల్లకు, నేనైతే, లైట్లు మిలమిలలాడించిన పిల్లవాడికంటే రెండు మార్కులు ఎక్కువే వేస్తాను. కొందరు ఇంకో అడుగు వేసి ఛాతీకి ప్యాచ్‌లు అంటించే ఈసీజీ మాడ్యూళ్లు కొంటున్నారు. వాటిని ఒంటికి తగిలించినంతసేపూ ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి, బ్యాటరీ మీదే నడపనివ్వండి.