నూటికి ఎందరు? భారత వైద్య పరిశోధన మండలికి బహిరంగ లేఖ

భారత వైద్య పరిశోధన మండలి డైరెక్టర్ జనరల్ గారి సముఖమునకు

ఆర్యా,

చిరకాలము బడిపిల్లలకు లెక్కలు చెప్పి విశ్రాంతి పొందినవాడను; వైద్యశాస్త్రమున నాకు ప్రవేశము లేదు. అయినను, కరోనా వ్యాపించిన దినములలో మీ మండలి నాలుగు పర్యాయములు దేశమంతట జరిపిన సీరో సర్వేలు, అనగా నెత్తురులో ప్రతిరక్షకములను వెదకు సర్వేలు, వైద్యమునకెంతయో గణితమునకును అంతే సంబంధించినవగుటచేతను, ఆ సర్వేల ఫలితములు పత్రికలకెక్కుసరికి వాటి అర్థములో సగము దారిలోనే జారిపోవుచుండుటచేతను, ఈ లేఖ వ్రాయ సాహసించుచున్నాను.

2020 మే 11 మొదలు జూన్ 4 వరకు జరిగిన తొలి సర్వేను తలచుకొనినచో నేటికిని గౌరవము కలుగును. జనులు గడపదాటుటకు జంకుచున్న ఆ మండుటెండలలో, 21 రాష్ట్రములందలి 70 జిల్లాలలో, జిల్లాకు పది చొప్పున ఎంచిన గ్రామములకును వార్డులకును మీ బృందములవారు పోయి, ఇంటికొక్కరిని మాత్రమే యెన్నుకొని, సమ్మతి పుచ్చుకొని, చేతినరమునుండి కొద్దిపాటి నెత్తురు తీసి, అందలి సీరమును చెన్నైకి పంపిరి. తొంబదియారు గుంటలుగల ప్లాస్టిక్ పలకలో ఆ సీరమును చుక్కలుగా వేయుదురు. వైరసును ఒకమారు ఎదుర్కొనిన శరీరము దాచుకొన్న ప్రతిరక్షకములు అందున్నచో, ఆఖరు ద్రావణము పడునప్పటికి ఆ గుంట పచ్చబారును. లేనిచో తెల్లగనే యుండిపోవును.

ఇక్కడ నావంటి లెక్కల మాస్టరు ఒకింత ఆగక తప్పదు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ రూపొందించిన కోవిడ్ కవచ్ ఎలీసా పరీక్ష, వ్యాధి సోకనివారిలో నూటికి 97.9 మందిని సోకనివారుగనే గుర్తించునట. వినుటకిది ఘనముగనే యున్నది. కాని, ఒక్కరికైనను వ్యాధి సోకని ఊరిలో వేయిమందిని పరీక్షించినను, ఇరువదియొక్కమంది విషయమున ఈ పరీక్ష అబద్ధమాడునన్నమాట! నాడు దేశమున నిజముగా వైరసు సోకిన పెద్దలు మీ లెక్క ప్రకారము నూటికి 0.73, అనగా వేయికి ఏడుగురు. ఏడుగురు నిజమైన సాక్షులను వెదకబోయినచోట ఇరువదిమంది దొంగసాక్షులు వచ్చి నిలుచుందురు. మీవారు ఈ ప్రమాదమును ముందుగనే కనిపెట్టి, తొలి పరీక్షలో నిలిచిన నమూనాలను వేరొక సంస్థవారి కిట్టుతో మరల పరీక్షించి, రెండింటను నిలిచినవానినే లెక్కించిరి. 28,000 మందిలో అట్లు నిలిచినవారు 157 మంది. ఇంతటి జాగ్రత్త తీసికొనిన సంగతి వీధిలో ఎందరికి తెలియును?

తెలియకపోవుట అటుంచి, తెలిసినదియు కుంటుపడి తెలిసినది. ఆ యేడు మే నెల ఆరంభమునకు దేశమున వైరసు సోకిన పెద్దలు 64 లక్షల పైచిలుకని ఆ తొలి సర్వేపై మీరు ప్రకటించిన వ్యాసము చెప్పినది. ఆ వెంటనే, అది 38 లక్షలకు దిగియైనను, ఒక కోటి 12 లక్షలకు ఎగసియైనను ఉండవచ్చునని హద్దులను కూడ చూపినది. లోకము మొదటి అంకెను పట్టుకొని హద్దులను విడిచిపుచ్చినది. నా యెదుట బల్లపై కూర్చుండిన పిల్లవాడు ఇట్లు చేసియుండినచో సగము మార్కులు తీసివేసియుందును.

ఇంతకంటె నన్ను బాధించినది నాలుగవ సర్వే. 2021 జూన్, జూలై నెలలలో జరిగిన ఆ సర్వేలో దేశమున నూటికి 67.6 మందికి ప్రతిరక్షకములున్నట్లు తేలినది. పిమ్మట దానినుండియే రాష్ట్రములవారీ పట్టిక యొకటి వెలువడినది: మధ్యప్రదేశ్ 79, ఆంధ్రప్రదేశ్ 70.2, తెలంగాణ 63.1, కేరళ 44.4. జనులు దానిని పరీక్షాఫలితములవలె చదివి, మా రాష్ట్రము గొప్పయా మీది గొప్పయా యని వాదులాడుకొనిరి. అయ్యా, ఆంధ్రప్రదేశ్‌కు ప్రాతినిధ్యము వహించినవి విజయనగరము, కృష్ణా, నెల్లూరు అను మూడే జిల్లాలు. రాయలసీమనుండి ఒక్కటియు లేదు. తెలంగాణకు జనగామ, కామారెడ్డి, నల్లగొండ. హైదరాబాదు మహానగరము లేనే లేదు. రాష్ట్రమునకు పన్నెండువందలమంది చిల్లర. అన్నము ఉడికినదో లేదో చూచుటకు ఒక్క మెతుకు చాలునందురు, నిజమే. కాని ఆ కుండక్రింద మంట ఒక్కటి. మా నేలపై పొయ్యిలు పెక్కు. దేశమంతటికి ఒక అంకె చెప్పుటకై కట్టిన సర్వేనుండి రాష్ట్రముల అంకెలు పిండుట తగదని మీ శాస్త్రజ్ఞులకు నేను చెప్పనక్కరలేదు; జిల్లాలవారీ సర్వేలు మీరే జరుపుకొనుడని కేంద్రము అదే వారమున రాష్ట్రములకు సలహా యిచ్చుటయే అందులకు సాక్ష్యము.

అంకెను పొరపాటుగ చదివినచో కలుగు కీడు సామాన్యము కాదు. పరిశోధన సంస్థలగు సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, టీకాల సంస్థ భారత్ బయోటెక్ కలిసి హైదరాబాదులోని 30 వార్డులలో సుమారు 9,000 మందిని పరీక్షించి, నూటికి 54 మందికి ప్రతిరక్షకములున్నవని 2021 మార్చిలో ప్రకటించిరి. వారిలో ముప్పాతికమందికి తమకు వైరసు సోకిన సంగతియే తెలియదు. నగరము సామూహిక రోగనిరోధకతవైపు నడచుచున్నదను మాట వినబడినది. ఢిల్లీలో ఆ జనవరిలోనే 56 శాతము. ఏప్రిల్ వచ్చునప్పటికి రెండు నగరములలోను ఆసుపత్రుల ముందు ఆక్సిజన్ కొరకు జనులు పరుగులు తీయుచుండిరి. హైదరాబాదున నూటికి మిగిలిన నలుబదియారుమందిని ఎవరును లెక్కించలేదు. క్రొత్త రూపము దాల్చిన వైరసు లెక్కించినది.

టీకాలు వచ్చినపిదప చిక్కు మరింత ముదిరినది. కోవాగ్జిన్ చంపిన వైరసును మొత్తముగ వాడి చేసిన టీకా యగుటచే, అది పుట్టించు ప్రతిరక్షకములు వ్యాధి సోకినవారిలో పుట్టువానిని బహుళముగ పోలియుండును. కావున ఇకముందు చేయు సర్వేలలో ఎవరికి ఏ టీకా పడినదను వివరము లేనిచో, వచ్చిన అంకె వ్యాధిని కొలిచినదో టీకాను కొలిచినదో తేలదు.

2021 ఏప్రిల్ చివర తొమ్మిదివందలకు పైబడిన శాస్త్రజ్ఞులు మీ సమాచారభాండారమును తమకు తెరిపింపుడని ప్రధానమంత్రికి విన్నవించుకొనిరి. నా కోరిక అంతకంటె చిన్నది. నాలుగు సర్వేలలోను పేర్లు తొలగించిన ప్రతి నమూనాయొక్క వయస్సు, లింగము, జిల్లా, పరీక్షాఫలితము ఎవరైనను దింపుకొనగల పట్టికగా ఉంచుడు. ఇకపై డెంగీకైనను మరి దేనికైనను సర్వే జరిపినపుడు, హద్దులు లేని అంకెను పత్రికలవారికి ఇయ్యకుడు. నెత్తురిచ్చిన ఆరు తెలుగు జిల్లాల గ్రామములకు, ఆయా జిల్లాలలో తేలినదేమో తెలుగున ఒక పుటగా అచ్చొత్తించి పంచాయతి కార్యాలయమున అంటింపుడు. అది చదువువారు మీరూహించుకొనినదానికంటె ఎక్కువమందియే యుందురు.

ఇట్లు, భవదీయుడు,
ఒక లెక్కల మాస్టరు