పికప్పుకి అల్లాయ్ సోకులెందుకు?

కొత్త పికప్పు బుక్ చేసే తమ్ముళ్లూ, కోపమొచ్చినా సరే, చదవండి. 15 అంగుళాల ఇనప డిస్కులు పీకేసి 17 అల్లాయ్‌లు ఏస్తున్నారు. టైరు మొత్తం ఎత్తు మారకూడదంటే ఆ రెండంగుళాలు ఎక్కడ తగ్గాలి? పైన ఒకటి, కింద ఒకటి, రబ్బరులోనే. ఆ పల్చటి టైరుతో పసుపు బస్తాలేసుకుని డొంకలో దిగితే గుంట దెబ్బ నేరుగా రిమ్ముకే. ఇనుమైతే వంగుద్ది, సుత్తితో సరిచేస్తారు. అల్లాయ్ పగులుద్ది. దుగ్గిరాల యార్డుకి లోడు ఎవరు చేరుస్తారు?

టైరు మీద లోడ్ ఇండెక్సు చూశారా అసలు? 100 అంటే టైరుకి 800 కిలోలు. 90 అంటే 600. అందంగా ఉందని కారు టైరు 90ది ఏయిస్తే నాలుగూ కలిపి 2400. ఖాళీ బండే అందులో సగం దాటుద్ది!

ఇక రంగు. క్రోము పూత లేస్తే కింద తుప్పే. మెరిసే నలుపు మీద ప్రతి గీతా కనపడుద్ది (మన రోడ్ల కంకర సంగతి తెలిసిందేగా). మామూలు వెండి రంగైతే డబ్బా తెచ్చి మనమే కొట్టుకోవచ్చు.

"ఈఎంఐలో కలిపేస్తాం సార్" అంటారు షోరూములో. కట్టేది పసుపు డబ్బుల్లోంచి మనమేగా! ఇప్పటికే అల్లాయ్‌లు ఏయించినోళ్లు ఒక్కటి చెప్పండి, మీ స్టెప్నీ ఏ సైజుది?