కూరకు మధ్యరకం కుందేలే మేలు

ఇళ్లలో పెంచే కుందేళ్లు కిలో తూగే బుల్లి రకం నుంచి ఆరేడు కిలోల ఫ్లెమిష్ జెయింట్ దాకా అన్నీ ఒకే జాతివి. యూరప్ అడవి కుందేలు వాటికి మూలం. అందుకే ఏ రకాన్ని ఏ రకంతో దాటించినా పిల్లలు పుడతాయి, ఆ పిల్లలూ ఈనుతాయి. చేలగట్ల మీద పరుగెత్తే మన చెవులపిల్లి మాత్రం వేరే జాతి. దానికీ వీటికీ సంకరం కుదరదు. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని వేటాడటం నేరం.

చిన్న రకం తక్కువ తింటుంది, పెద్ద రకం ఎక్కువ మాంసం ఇస్తుంది, రెండింటినీ కలిపితే రెండు లాభాలూ దక్కుతాయన్నది పెరటి పెంపకందారుల లెక్క. ఇందులో సగమే నిజం. కేంబ్రిడ్జ్ జన్యుశాస్త్రవేత్త పన్నెట్, ఆయన సహచరుడు బెయిలీ పోలిష్ అనే చిన్న రకాన్ని ఫ్లెమిష్‌తో కలిపి, పిల్లల తూకాలు 1918లో ప్రచురించారు. మొదటి తరం పిల్లలు పెరిగి పెద్దవయ్యాక తల్లిదండ్రుల బరువులకు మధ్యన నిలిచాయి. వాటిని వాటిలోనే కలిపితే పుట్టిన రెండో తరంలో మాత్రం చిన్నవీ పెద్దవీ కలగాపులగంగా వచ్చాయి. శరీర బరువును ఒక్క జన్యువు కాక అనేక జన్యువులు కలిసి నిర్ణయించడమే దీనికి కారణం. హైబ్రిడ్ మొక్కజొన్న గింజలు దాచి మరుసటి ఏడు విత్తిన రైతుకు ఏం జరుగుతుందో, కుందేళ్ల బోనులోనూ అదే జరుగుతుంది. వేరు రకాల కలయికతో వచ్చే అదనపు జోరు, అంటే సంకర తేజం, మొదటి తరంలోనే నిండుగా ఉంటుంది, తర్వాత పలచబడుతుంది.

పెద్ద రకం మీద మోజు తగ్గించుకోవాల్సింది ముందుగా. ఫ్లెమిష్ లాంటి భారీ కుందేలు మొదటి నెలల్లో తిన్న మేతను ఎముకకే ఎక్కువగా పెడుతుంది. కండ పట్టడం ఆలస్యం, ఈతకు రావడమూ ఆలస్యమే. తీగ అడుగున్న బోనులో ఆ బరువుకు అరికాళ్లు పుండ్లు పడతాయి. కుందేలు పెద్దయితే తూగే బరువులో సుమారు సగానికి చేరేవరకు మేతను మాంసంగా చక్కగా మారుస్తుంది, ఆపైన ఎదుగుదల మందగించి కొవ్వు పేరుకుంటుంది. నాలుగు నాలుగున్నర కిలోల రకం పిల్ల మంచి మేత మీద మూడో నెలకల్లా రెండు కిలోల దరికి వస్తుంది. అంటే సరిగ్గా కోతకు తగిన వేళకే వంటకు తగిన బరువు. అదే వయసులో భారీ రకం పిల్లను ఎత్తి వెన్నుపూసకు అటూ ఇటూ వేళ్లతో నొక్కి చూస్తే ఎముక గుచ్చుకుంటుంది. మాంసానికి పనికొచ్చే పిల్లకు అక్కడ కండ గుండ్రంగా తగలాలి.

చిన్న రకాల్లోనూ అన్నీ ఒకటి కావు. హిమాలయన్ లాంటివి చిన్నవైనా ఆరోగ్యంగా ఈనే రకాలు. నెదర్లాండ్ డ్వార్ఫ్ సంగతి వేరు. దాని పొట్టితనానికి ముఖ్యకారణం ఒక లోపభూయిష్ట జన్యువు. ఒక్క ప్రతి ఉంటే పిల్ల పొట్టిదవుతుంది. తల్లి నుంచొకటి, తండ్రి నుంచొకటి వస్తే బతకదు. ఈతపెట్టెలో అలాంటి పిల్లను చూడగానే పోల్చుకోవచ్చు. తోటి పిల్లల్లో సగమైనా ఉండదు, తల పెద్దది, చెవులు కురచ, నడుం కింది భాగం ఎండిపోయినట్టు ఉంటుంది, రోజుల్లోనే చనిపోతుంది. పొట్టి రకాన్ని మామూలు రకంతో కలిపితే ఈ చావులు రావు. కానీ పిల్లల్లో సుమారు సగం ఆ జన్యువును మోస్తూ తోటివాటికంటే బాగా చిన్నగా మిగులుతాయి. వాటిలో వాటిని మళ్లీ కలిపితే పాత బెడద తిరిగొస్తుంది. పెంపుడు జంతువుల దుకాణంలో ముచ్చటపడి కొన్న బుల్లి కుందేలును మాంసం పెంపకంలోకి దించేవారు ఇది తెలుసుకుని దించాలి.

ఎవరు తల్లి, ఎవరు తండ్రి అన్నదే ఇక్కడ అసలు విషయం. పెద్ద తల్లి, చిన్న తండ్రి కావాలి. పెద్ద తల్లి గర్భంలో చోటుంటుంది, పొదుగులో పాలుంటాయి, అది ఈతకు ఆరేడు పిల్లలైనా పెడుతుంది. చిన్న తల్లికి రెండు మూడు పిల్లలే నిలుస్తాయి. తండ్రి పెద్దదైతే ఆ కొద్ది పిల్లలు లోపలే లావెక్కి ఈత కష్టమవుతుంది, తల్లి ప్రాణానికే ముప్పు రావచ్చు. చిన్న పోతుకు ఇంకో సుగుణం ఉంది. దాన్ని ఏడాది పొడవునా మేపాల్సిందే, దాని తిండి తగ్గితే ఖర్చూ తగ్గుతుంది. ఇబ్బందల్లా పొడుగాటి ఆడదాన్ని అది అందుకోలేకపోవడం. ఆడదాన్ని పోతు బోనులోకి తీసుకెళ్లి (పోతును ఆడదాని బోనులో వేస్తే తగువే), భుజాలు పట్టి నిలిపి, కాళ్లకింద చిన్న పలక వేస్తే పని జరుగుతుంది. 31 రోజులకు ఈత.

నాలుగున్నర కిలోల తల్లికీ కిలోన్నర పోతుకూ పుట్టిన పిల్ల పెరిగితే సుమారు మూడు కిలోలు. దాన్ని కిలోన్నర దగ్గర కోస్తే తల, చర్మం, పేగులు పోగా ముప్పావు కిలో కూర. ఫ్రిజ్ లేని ఇంట్లో నలుగురైదుగురికి ఒక పూటకు సరిపోతుంది. అమ్మకానికి పెంచేవారికి మాత్రం ఈ సంకరం నష్టమే. అదే తల్లి, అంతే పిల్లలు, పిల్లకు మాంసం తక్కువ.

చిన్నదాన్ని, పెద్దదాన్ని కలిపి స్థిరమైన రకాన్ని తీయడం అసాధ్యమేమీ కాదు, ఓపిక కావాలి. అమెరికాలో జార్జ్ వెస్ట్ 1923లో మొదలుపెట్టి బుల్లి హిమాలయన్‌ను చించిల్లాతో కలిపాడు. వాటికి పుట్టిన పోతులను న్యూజిలాండ్ వైట్ ఆడవాటితో దాటించాడు. ముక్కు, చెవులు, పాదాలు, తోక నల్లగా, ఒళ్లంతా తెల్లగా ఉండే కాలిఫోర్నియన్ అలా పుట్టింది. తరాల తరబడి ఏరివేత సాగింది, అక్కడి పెంపకందారుల సంఘం దాన్ని ప్రామాణిక రకంగా ఒప్పుకున్నది 1939లో. నాలుగైదు బోన్ల పెరట్లో అంత ఏరివేతకు తావు లేదు.

తెలుగు నేల మీద ఈ ఇబ్బందులకు ఎండ కూడా తోడవుతుంది. 30 డిగ్రీలు దాటిన వేడి వారాల తరబడి ఉంటే పోతు వీర్యం చెడుతుంది, చల్లబడ్డాకా కోలుకోవడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. భారీ శరీరం వేడిని వదిలించుకోవడంలో వెనకబడుతుంది కాబట్టి మన వేసవికి జెయింట్ మోజు మరీ అనవసరం. మన దగ్గర వైట్ జెయింట్, గ్రే జెయింట్ అని పిలిచేవి నాలుగైదు కిలోల రకాలే, సోవియట్ చించిల్లా కూడా అంతే. కొడైకెనాల్ దగ్గరి మన్నవనూరులో కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం మాంసపు కుందేళ్లను పెంచుతోంది. ఇలాంటి మధ్యరకాలు రెండింటిని కలపడం బుల్లి కుందేలుతో చేసే ప్రయోగం కంటే మెరుగు.

బుల్లి పోతు ఒక్కటే చేతిలో ఉన్నవారు మొదటి తరాన్ని కూరకే ఉంచాలి. ఒకటి రెండు ఆడపిల్లలను అట్టే పెట్టుకోవాలంటే ఈతలో బాగా ఎదిగినవాటినే ఏరి, పొరుగూరి మధ్యరకం పోతుతో దాటించాలి. తండ్రితోనో అన్నదమ్ములతోనో కాదు. మిగతావి మూడు నెలలలోపే కోతకు వెళ్లాలి. ఆ వయసు దాటితే మగపిల్లలు వృషణాలు తెగేలా కొరుక్కుంటాయి, ఒక్కోదానికి ఒక్కో బోను కట్టాల్సి వస్తుంది.