అరిసె ఎవరిది?

గత ఏడాది మన విద్యాలయంలో రాష్ట్రాల వంటకాలతో బల్లలు పెట్టిన రోజున ఏడో తరగతి అమ్మాయి ఒకతె డబ్బా నిండా అరిసెలు తెచ్చింది. బల్ల మీద అట్ట నిలబెట్టి "ఆంధ్రప్రదేశ్ – అరిసెలు" అని మూడు భాషల్లో రాసింది. తెలుగు అక్షరాలు దిద్దింది నేనే. పది నిమిషాలు కాకముందే ఈ ఊరి అబ్బాయి ఒకడు వచ్చి, "ఇది అయిర్సా కదా! మా దాదీ చేస్తుంది" అన్నాడు. వాడి వెనకాలే నిలబడ్డ ఒడియా పిల్ల, "కాదు, అరిసా పిఠా" అంది. మన అమ్మాయి నా వైపు చూసింది. తెలుగు మాస్టారు కాబట్టి తన పక్షమే మాట్లాడతానని ఆశ. నేనూ ఆలోచించకుండా, "మనదే అసలుది, మన దగ్గర్నుంచే వాళ్లకు వెళ్లి ఉంటుంది" అనేశాను.

ఆధారం లేకుండా అన్న మాట అది. దాన్ని వెనక్కి తీసుకోవడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

నా ఉద్యోగం ఖరగ్‌పూర్‌లో మొదలై, సునాబెడ, బళ్లారి మీదుగా రాయ్‌పూర్ చేరింది. ఈ నాలుగు చోట్లా నానబెట్టిన బియ్యపు పిండిని బెల్లం పాకంలో కలిపి, తట్టి, నూనెలోనో నేతిలోనో వేయించిన బిళ్ల నా చేతికి వచ్చింది. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ల ఇంట్లో అది అరిసె. కోరాపుట్ జిల్లా సునాబెడలో అరిసా పిఠా. బళ్లారిలో కన్నడ సహోద్యోగి ఇంట దీపావళికి కజ్జాయ. తమిళులు అధిరసం అంటారు. బీహారువాళ్లకు అనర్సా ఉంది, దాని మీద గసగసాలో నువ్వులో అద్దుతారు. దూరాన గఢ్వాల్ కొండల్లో పెళ్లయి అత్తవారింటికి వెళ్లే పిల్లతో పంపే బుట్టలో అర్సా పెడతారు. మన వైపు సారెలో అరిసెలు, చలిమిడి పెట్టినట్టే. ఛత్తీస్‌గఢ్‌వాళ్ల అయిర్సా చూడాలనుకుంటే ఘాసీదాస్ మ్యూజియం ఆవరణలోని గఢ్ కలేవాకు వెళ్లండి. ఠేఠరీ, ఖుర్మీ, చీలా, ఫరాల పక్కన అది కూడా కనిపిస్తుంది.

ఇంతమంది చేసేదాన్ని ముందు ఎవరు చేశారో తేల్చడం నా వల్ల కాదు. ఒక్క సంగతి మాత్రం లెక్క కట్టగలను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956 నవంబరు 1న. ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది 2000లో, అదీ నవంబరు 1నే. మా మామ్మ బొబ్బిలిలో పుట్టేనాటికి ఈ రెండు రాష్ట్రాలూ లేవు. ఆమె అడుగులు వేసినప్పుడు అరిసెలు మాత్రం చేశారు. విజయనగరం నుంచి బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్‌కు రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ దారిన ఒక రాత్రి ప్రయాణం చేస్తే అరిసె, అరిసా, అయిర్సా మూడూ వరసగా వస్తాయి. వాటి మధ్య ఎక్కడ గీత గీస్తాం?

ఆ రోజు సాయంత్రం బల్లలు తీసేస్తుంటే ఆ అమ్మాయి మెల్లగా అడిగింది: "అయితే సార్, మాకంటూ ఏముంది?" వాళ్ల నాన్నగారిది రైల్వే ఉద్యోగం. పుట్టింది ఒక చోట, అక్షరాలు దిద్దింది ఇంకో చోట, ఇప్పుడు ఇక్కడ. సెలవుల్లో ఊరికి వెళ్తే అక్కడి పిల్లలు ఆమె తెలుగు విని నవ్వుతారట. ఇక్కడేమో ఆమెను "సౌత్‌వాలీ" అంటారు. అట్ట మీద ఉన్న ఒక్క పేరే ఆమెకు పట్టుకొమ్మ. అదీ జారిపోయింది. నాకు వెంటనే జవాబు తోచలేదు. మన కేంద్రీయ విద్యాలయాలు 1963లో మొదలైందే బదిలీల మీద తిరిగే ఉద్యోగుల పిల్లల కోసం. అంటే ఆ ప్రశ్న ఇక్కడ చాలామందిదే.

ఇప్పుడు నాకు తోచిన జవాబు చెబుతాను. వంటకం పేరు మీది కాకపోవచ్చు, చేయడం మీదవుతుంది. అందుకే అరిసెలు కొరియర్ డబ్బాలో తెప్పించుకోకుండా, ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లో, అక్కడ దొరికే బియ్యంతో, బెల్లంతో ఇంట్లోనే చేయాలంటాను. పాడైనా సరే. నావి రెండుసార్లు పాడయ్యాయి.

రాయ్‌పూర్ వచ్చిన మొదటి సంక్రాంతికి నేను ఒంటరిగా ఉన్నాను. నా భార్య ఉద్యోగం ఇంకో ఊళ్లో. అమ్మకు ఫోన్ చేసి కొలతలు అడిగితే కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం అంది. మిగతా ప్రశ్నలన్నిటికీ ఒకటే జవాబు, "చేతికి తెలుస్తుందిరా". నా చేతికి ఏమీ తెలియలేదు. దుకాణంలో దొరికే పొడి బియ్యప్పిండి పొట్లం తెచ్చాను. పాకంలో పోశాను. తడుతుంటే అంచులన్నీ పగిలాయి, నూనెలో వేస్తే బిళ్ల ముక్కలైంది. రెండోసారి పిండి సరిగ్గా పట్టించాను కానీ పాకం ముదిరింది. చల్లారాక ఆ అరిసెలను కొరకలేక చారులో నానబెట్టుకుని తిన్నాను. (ఎవరికీ చెప్పకండి, అది అంత బాగోలేదని కూడా చెప్పను.)

మూడోసారి పక్క క్వార్టర్ పెద్దావిడ వచ్చి చూసింది. అందరూ ఆమెను దాయీ అంటారు, ఛత్తీస్‌గఢీలో అమ్మ అని. ఆమెకు తెలుగు రాదు, నా హిందీ పుస్తకాల హిందీ. ముందు బియ్యం చూసి పెదవి విరిచింది. సన్నబియ్యం వద్దు, రేషన్ దుకాణం ముతక బియ్యం తెమ్మంది. రాత్రి నుంచి మర్నాడు రాత్రి దాకా నానబెట్టించింది. నీళ్లు వార్చి, గుడ్డ మీద కాసేపు ఆరనిచ్చి, తడి పూర్తిగా పోకముందే పట్టించింది. పిండిని పిడికిట్లో నొక్కి వేళ్లు తెరిచింది. పిండి పిడికిలి ఆకారంలోనే నిలబడింది. "హాఁ" అంది. మా అమ్మ చెప్పలేకపోయిన మాట అదే.

పాకం దగ్గర మాత్రం ఇద్దరి పద్ధతీ ఒకటే. గిన్నెలో చన్నీళ్లు పెట్టుకుని ఒక చుక్క పాకం అందులో వేయాలి. కరిగిపోతే లేత. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కట్టాలి. గిన్నెకు కొడితే ఠంగుమంటే ముదిరినట్టు. సైన్సు సార్ దగ్గర థర్మామీటరు అరువు తెచ్చి చూశాను. మెత్తటి ఉండకు సుమారు 112 నుంచి 115 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. నీరు ఆవిరయ్యేకొద్దీ పాకం మరిగే వేడి పెరుగుతుంది, ఆ కొద్ది డిగ్రీల్లోనే ఉంది అంతా. బెల్లంలో చక్కెరతో పాటు గ్లూకోజు, ఫ్రక్టోజు కూడా ఉంటాయి కనుక పాకం గడ్డకట్టి పలుకులు కాదు. అందుకే మంచి అరిసె రోజుల తరబడి మెత్తగా ఉంటుంది. తీపి ఎక్కువ, లోపల నీరు తక్కువ కాబట్టి త్వరగా బూజు పట్టదు. ట్రంకుపెట్టెలో పెట్టి రైలెక్కించదగ్గ మిఠాయి ఇది. బదిలీ ఉద్యోగులకు ఇంతకన్నా ఏం కావాలి!

చివర్లో ఒక్క తేడా వచ్చింది. వేగిన అరిసెను రెండు చెక్కల మధ్య పెట్టి నూనె పిండాలని నేను, వద్దని దాయీ. సగం అలా, సగం ఇలా చేశాం. నొక్కనివే ఎక్కువ రుచిగా ఉన్నాయని మా అమ్మకు ఇంతవరకూ చెప్పలేదు.

పాకం పండగలు మన దగ్గరే కాదు. చెరకు రసాన్ని చక్కెరగా శుద్ధి చేశాక మిగిలే నల్లటి చిక్కటి పాకాన్ని ఇంగ్లండు, స్కాట్లండుల్లో ట్రీకిల్ అంటారు. స్కాట్లండులో హాలోవీన్ రాత్రి గోధుమపిండితో చేసిన స్కోన్లకు ఆ పాకం పూసి, తాడుకు వేలాడదీసి, పిల్లల్ని చేతులు వాడకుండా నోటితో అందుకోమంటారు. మూతంతా నలుపే. పిండి, పాకం, మూతికి అంటిన జిడ్డు, పెద్దవాళ్ల కేకలు. మన ఇళ్లలో చలిమిడి దొంగతనానికి పడే కేకలే అవి.

నా మాటకు ఒక అభ్యంతరం ఉంది, దాన్ని తీసిపారేయను. "ఇంట్లోనే చేయాలి" అని మగవాళ్లు రాసే వ్యాసాలన్నీ చివరికి అమ్మల నెత్తిన పడతాయి. పగలంతా ఆఫీసులో పనిచేసి వచ్చిన ఆమెను రాత్రి పదింటికి పిండి జల్లించమనడం సంప్రదాయం కాదు, అన్యాయం. కాబట్టి నా షరతు ఇది: బియ్యం కడగడం, పట్టించుకు రావడం, జల్లించడం, బెల్లం కొట్టడం నాన్నదీ పిల్లలదీ. పాకం దగ్గర పెద్దవాళ్లు ఉండాలి, అది ఒంటికి అంటుకుంటే నీటికన్నా ఎక్కువ కాలుస్తుంది. అమ్మకు ఇష్టమైతే వస్తుంది, లేకపోతే కుర్చీలో కూర్చుని తప్పులు చెబుతుంది.

వంటకాల బల్లల గురించి మన విద్యాలయానికి ఒక సూచన. ఈసారి రాష్ట్రాల పేర్లతో అట్టలు వద్దు. బెల్లం, బియ్యప్పిండితో చేసినవన్నీ ఒకే బల్ల మీద పెడదాం. ఒక్కోదాని ముందు దాని పేరు, చేసిన పిల్లల పేరు, అది ఏ క్వార్టర్‌లో తయారైందీ రాద్దాం. రుచి చూసేవాళ్లే తేడాలు కనిపెడతారు.

ఆ అమ్మాయికి బాకీ ఉన్న జవాబు గత నెల కొంత తీర్చాను. శనివారం వాళ్ల నాన్నగారితో మా ఇంటికి వచ్చింది. దాయీ కూడా వచ్చింది. ముందు పిండిని అమ్మాయే పిడికిట్లో నొక్కి చూసి, "ఇంకా తడిగా ఉంది, ఆగుదాం" అంది. దాయీ తల ఊపింది. ఇరవై మూడు అరిసెలు వచ్చాయి, నాలుగు మాడాయి. వాళ్ల నాన్నగారికి మళ్లీ బదిలీ ఉత్తర్వులు వచ్చాయట, ఏప్రిల్‌లో వెళ్లిపోతారు. చెక్కలు మూటగట్టి ఆమెకే ఇచ్చేశాను.

సంక్రాంతికి చేయదలచినవాళ్లు రెండు రోజుల ముందు రాత్రే బియ్యం నానబోయండి. మధ్యలో నీళ్లు ఒకసారి మార్చండి, లేకపోతే పులిసిన వాసన వస్తుంది.