చెమట పట్టే ఇనుము

ఎండలు ముదిరాయో లేదో, మా ఇంట్లో పాత టేబుల్ ఫ్యాను మొరాయించింది. రెక్కను వేలితో నెడితే తప్ప కదలదు. అది తిరక్కపోతే వంటింట్లో అమ్మకు ఊపిరాడదు. కీచుమంటోందని ఆవిడే అంతకుముందు రెండుసార్లు కొబ్బరినూనె పోసింది.

ఇబ్రహీంపట్నంలో మోటార్లు బాగుచేసే కొట్టుకు పట్టుకెళ్లాను. మెకానిక్ ఇరుసు ఊపి చూసి, వాసన పట్టేశాడు. 'కొబ్బరినూనె పోసిన్రా సార్? బుష్‌కు సన్నసన్న బొక్కలుంటయి. నూనె జిగురై అవి మూసుకపోయినయి.'

ఇనుముకు బొక్కలా? నవ్వొచ్చింది. తీరా చూస్తే, ఆయన చెప్పింది అక్షరాలా నిజం!

కుమ్మరి ఆవం చూశారుగా. మట్టి కరగదు, కానీ ఆ వేడికి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని కుండ గట్టిపడుతుంది. సన్నని రంధ్రాలు మిగలబట్టే కుండ చెమర్చి నీళ్లు చల్లబడతాయి. బుష్ కథా ఇలాంటిదే. కొన్నిటిని కంచు పొడితో చేస్తారు, కొన్నిటిని ఇనుప పొడితో. ఇనుప పొడికి కాస్త రాగి పొడి కలిపి అచ్చులో గట్టిగా నొక్కుతారు. అప్పుడది చూడ్డానికి బుష్షే గానీ, కిందపడితే పిండి బిళ్లలా విరిగిపోతుంది. దాన్ని సుమారు 1120 డిగ్రీల సెల్సియస్ కొలిమిలోంచి నడిపిస్తారు. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి. కాబట్టి కరగదు. అయినా రేణువులు తాకినచోట పరమాణువులు అటూ ఇటూ కదిలి, రెంటి మధ్యా చిన్న మెడలాంటి వంతెన కడతాయి. మెడ లావెక్కేకొద్దీ ముక్కకు బలం. రాగి మాత్రం 1085 దగ్గరే కరిగి సందుల్లోకి పాకుతుంది. ఇనుము ఆక్సీకరణ చెందకుండా కొలిమిలో గాలికి బదులు నైట్రోజన్, హైడ్రోజన్ నింపుతారు. దీనికే సింటరింగ్ అని పేరు. వాహనాల్లో చాలా గేర్లూ ఇలా తయారైనవే.

బుష్‌లో దాదాపు అయిదో వంతు ఖాళీయే. అందులో నూనె పట్టిస్తారు. ఇరుసు తిరిగి వేడెక్కితే నూనె బయటికొస్తుంది, ఆగి చల్లబడితే మళ్లీ లోపలికి పోతుంది.

ఇదే రంగారెడ్డి జిల్లాలో, బాలాపూర్ దగ్గర, లోహపు పొడుల మీద పరిశోధనకే ఓ కేంద్ర సంస్థ ఉంది. పేరు ఏఆర్‌సీఐ, 1997 నుంచీ పనిచేస్తోంది. అక్కడ అణు రియాక్టర్ల ఇంధన గొట్టాల కోసం ప్రత్యేకమైన ఉక్కు తయారుచేశారు. ఉక్కు పొడిలో ఇట్రియం ఆక్సైడ్ కలిపి బాగా మరపట్టి, డబ్బాలో మూసి, వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో ఒత్తి సాగదీస్తారు. ఫ్యానుకు ప్రాణమైన బొక్కే అక్కడ శత్రువు. ఒక్కటీ మిగలకూడదు.

మన మెకానిక్ పాత బుష్ తీసేసి, కొత్తదాన్ని రాత్రంతా పల్చటి మిషన్ ఆయిల్లో నానేశాడు. మర్నాడు సాయంత్రానికి వంటింట్లో గాలి ఆడింది. అమ్మ కొబ్బరినూనె సీసాకేసి ఓసారి చూసి, 'అయితే కుట్టుమిషనుకూ పోయకూడదంటావా?' అంది.