మంటా? మింగుడు పడకపోవడమా?

ప్రశ్న: మా మామగారికి 62 ఏళ్ళు. రెండు నెలలుగా అన్నం గుండెల దగ్గర ఆగిపోతున్నదంటారు. ముద్దముద్దకూ నీళ్ళు తాగేవారు. ఇప్పుడు గంజి, మజ్జిగ తప్ప దిగడం లేదు. చొక్కాలు వదులైపోయాయి. ఇదంతా గ్యాస్, చేపల పులుసు మానితే తగ్గుతుందని ఆయన వాదన. పులితేన్పుల మందు తాగుతున్నారు. నిజంగా గ్యాసేనా?
— ఒక పాఠకురాలు, ఇందుకూరుపేట

జవాబు: అమ్మా, పాపం పులుసును ముద్దాయిని చేయకండి. చింతపండు, మామిడికాయ, మిరపకారం దట్టించిన మన నెల్లూరు పులుసు పొద్దుపోయి తిని వెంటనే పడుకుంటే, జీర్ణకోశంలోని ఆమ్లం పైకి తన్ని ఛాతీలో మంట పుట్టవచ్చు. నోట్లోకి పుల్లనీళ్ళు వస్తాయి. వంగినా, పడుకున్నా ఎక్కువౌతుంది. కాని ఉత్త మంటకు సాధారణంగా ముద్ద ఆగదు. మీ మామగారికి ఆగుతున్నది. తేడా అక్కడే ఉంది.

గొంతు నుండి జీర్ణకోశానికి పోయే అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల పొడవుంటుంది. సాగే గొట్టం కనుక కొంత ఇరుకైనా మనకు తెలియదు. లోపలి దారి 13 మిల్లీమీటర్లకు తగ్గేసరికి గట్టి ముద్దలు పట్టుకోవడం మొదలౌతుంది. ముందు అన్నం, తరువాత మెత్తని పదార్థాలు, చివరకు నీళ్ళు... ఈ వరుసలో కష్టం పెరుగుతూ మనిషి చిక్కిపోతుంటే దారి మూసుకుపోతున్నదన్నమాట. ఏళ్ళ తరబడి ఆమ్లం తగిలి, పుండుపడి, మచ్చకట్టి సన్నబడి ఉండవచ్చు. కాన్సర్ గడ్డ కూడా కావచ్చు. లోపల చూడకుండా ఏ డాక్టరూ చెప్పలేడు.

మొదటినుంచీ అన్నమూ నీళ్ళూ రెండూ ఆగితే అది గొట్టం కండరాల జబ్బు కావచ్చు. గుటక వేయగానే దగ్గు వచ్చినా, ముక్కులోంచి నీళ్ళు వచ్చినా లోపం గొంతులోనే; పక్షవాతం వచ్చినవారిలో ఇది చూస్తుంటాం. మీరు వ్రాసింది ఈ రెండూ కాదు.

ఆ మందుతో మంట తగ్గుతుంది, దారి తెరుచుకోదు. మోసమంతా అందులోనే. ఈ వారంలోనే నెల్లూరు తీసుకువెళ్ళి జీర్ణకోశ నిపుణునిచేత ఎండోస్కోపీ చేయించండి. గొట్టం మింగాలనే ఆయన వెనుకాడుతున్నారేమో. కొన్ని నిమిషాల పని అని చెప్పండి. అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. మచ్చవల్ల ఇరుకైతే బెలూనుతో వెడల్పు చేస్తారు. కాన్సరైనా తొందరగా పట్టుకుంటే చేయగలిగింది ఎక్కువ.

అంతవరకు జావ, పాలు కూర్చోబెట్టి కొంచెంకొంచెంగా ఇవ్వండి. ముల్లు గుచ్చుకున్నప్పుడు మింగించినట్టు అన్నం ముద్ద మింగించవద్దు (ముల్లుకైనా అది మంచి పని కాదు). ఉమ్ము కూడా దిగకపోతే రాత్రికి రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.