ఆవిరయ్యేది సీమ నీరే

కర్నూలు, కడప జిల్లాల్లో ఆర్వో అనగానే గుర్తొచ్చేది 20 లీటర్ల క్యాను. ఫ్లోరైడు బోరునీటిని పొరగుండా నెట్టి మంచినీళ్లు చేయడం ఊరూరా తెలిసిన పనే. అదే సూత్రం నూనె నుంచి ద్రావణిని కూడా విడదీస్తుందన్న సంగతికి మాత్రం రావాల్సినంత ప్రచారం రాలేదు.

వేరుశనగ బుడ్డల్ని ఎక్స్‌పెల్లర్‌లో పిండాక కూడా చెక్కలో 6 నుంచి 8 శాతం నూనె మిగిలిపోతుంది. సాల్వెంట్ ప్లాంటులో ఆ చెక్కను హెక్సేన్‌తో కడిగితే అది ఒక శాతం లోపుకు దిగుతుంది. అలా వచ్చే ద్రవంలో నూనె సుమారు పావువంతు, తక్కినదంతా హెక్సేన్. దాన్ని మరిగించి ఆవిరి చేస్తారు, ఆవిరిని చల్లార్చి మళ్లీ వాడుకుంటారు.

అసలు నష్టం ఇక్కడుంది. హెక్సేన్ 69 డిగ్రీలకే మరిగినా, టన్ను ఆవిరి కావడానికి 90 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి పడుతుంది. ఆ వేడిని కూలింగ్ టవర్‌లో వదిలించుకునేసరికి వంద లీటర్లకు పైగా నీరు గాలిలో కలిసిపోతుంది. వాన మీద భరోసా లేని నేలకు బాయిలర్‌లో కాల్చే పొట్టు ఖర్చు కన్నా ఈ నీటి ఖర్చే బరువు.

హెక్సేన్ అణుభారం 86, నూనెది దాదాపు 880. పొరకు ఒకవైపు నూనె చిక్కగా ఉంటే హెక్సేన్ సహజంగా అటే పోతుంది. ఆ ద్రవాభిసరణ పీడనాన్ని మించి పంపుతో ఒత్తితే దారి మళ్లి, నూనెను వదిలి ఇవతలికొస్తుంది. ఒత్తిడి 30 బార్లుంటే, పంపు నష్టాలు కలిపినా, టన్నుకు అయిదారు యూనిట్లు చాలు.

ఇది కొత్త కల కాదు. సిడ్నీ లోబ్‌తో కలిసి ఆర్వో పొరకు రూపమిచ్చిన భారతీయుడు శ్రీనివాస సౌరిరాజన్ 1964లోనే హైడ్రోకార్బన్ ద్రవాలను పొరతో వేరుచేసి 'నేచర్' పత్రికలో ప్రకటించారు. 1998లో టెక్సాస్‌లోని బ్యూమాంట్ రిఫైనరీలో లూబ్రికెంట్ నూనెల నుంచి ద్రావణిని పాలీఇమైడ్ పొరలతో తిరిగి రాబట్టడం మొదలైంది. 2016లో జార్జియా టెక్, ఎక్సాన్‌మొబిల్ పరిశోధకులు ఒకే అణుభారమున్న జైలీన్లను సైతం కార్బన్ పొరతో గది ఉష్ణోగ్రత వద్దే విడదీశారు.

చిక్కులూ ఉన్నాయి. కొన్ని పాలిమర్లు హెక్సేన్‌లో ఉబ్బిపోతాయి. నూనెలోని జిగురు పొరకు పట్టేస్తుంది. నూనె చిక్కబడేకొద్దీ ఒత్తిడి పెంచాలి, చివరి భాగాన్ని మరిగించక తప్పదు. పైగా కడిగిన చెక్కను వేడిచేసినప్పుడు లేచే ఆవిరి వేడినే తిరిగి వాడుకునే ప్లాంట్లలో ఆదా తక్కువ. అందుకే ఆ సదుపాయం లేని పాత ప్లాంట్లతో మొదలుపెట్టాలి. సగం హెక్సేన్‌ను పొర ముందే తీసేసినా బాయిలర్‌కు, టవర్‌కు ఆ మేరకు భారం తగ్గుతుంది.

హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ)లో మెంబ్రేన్ పరిశోధన ఏళ్లుగా సాగుతోంది. రాష్ట్ర పరిశ్రమల శాఖ ఆ సంస్థను కలుపుకొని, ఆదోని ప్రాంతంలో ఒక మిల్లు పక్కన చిన్న యూనిట్ పెట్టించి, ఒక సీజన్ పొడవునా నడపాలి. పొర ఎన్ని నెలలు నిలిచింది, టన్నుకు ఎన్ని లీటర్ల నీరు మిగిలింది అన్న లెక్కలు చేతికొస్తే మిల్లు యజమానులకు రుణమివ్వడానికి బ్యాంకులకూ ఒక ఆధారం దొరుకుతుంది.